అల్జీమర్స్, పార్కిన్సన్స్ పరిశోధనలో తొలి అడుగులు: పాఠకుల ప్రశ్నలు - జవాబులు

నాడీక్షీణత వ్యాధుల మీద పరిశోధన మొదలుపెట్టిన, మొదలుపెట్టబోతున్న విద్యార్థులు పంపిన ఉత్తరాలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం. ప్రశ్నలు వేర్వేరుగా ఉన్నా చాలా ఉత్తరాల్లో చిక్కు ఒక్కటే. చేతిలో ఉన్న ప్రొటీన్, యాంటీబాడీ, ఎలుక, కణం నిజంగా తాము అనుకుంటున్నదేనా అని చూసుకోకుండానే అసలు ప్రయోగంలోకి దిగిపోయారు. అందుకే ఆ పరీక్షలకే ఎక్కువ చోటు ఇచ్చాం.

ప్రశ్న: బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ పూర్తయింది. అల్జీమర్స్‌కు మందు కనిపెట్టే పరిశోధన చేయాలని ఉందండి. పీహెచ్‌డీకి అంశం ఎలా ఎంచుకోవాలి?
- ఎమ్మెస్సీ విద్యార్థిని

జవాబు: వ్యాధి పేరు పట్టుకుని బయల్దేరితే అంశం చేతికి చిక్కదు. ఆ వ్యాధిలో ఏ మెట్టు మీద పనిచేస్తారో ముందు తేల్చుకోండి. ఈ జబ్బుల్లో చాలావాటిలో మడత తప్పిన ప్రొటీన్ ముద్ద కడుతుంది. అల్జీమర్స్‌లో న్యూరాన్ల బయట అమైలాయిడ్ బీటా, లోపల టౌ. పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సిన్యూక్లిన్. కండరాలను నడిపే న్యూరాన్లు చచ్చిపోయే ఏఎల్ఎస్ రోగుల్లో అత్యధికులకు టీడీపీ-43. హంటింగ్టన్స్‌లో హంటింగ్టిన్. ఆ ప్రొటీన్ ఎలా ముద్ద కడుతుంది? కణం దాన్ని ఎలా వదిలించుకుంటుంది? ఒక న్యూరాన్ నుంచి పక్క న్యూరాన్‌కు ఎలా పాకుతుంది? మెదడులోని రక్షక కణాలైన మైక్రోగ్లియా దానికి ఎలా స్పందిస్తుంది? ఈ నాలుగింటికీ చేతిపని వేరు, చదవాల్సిన పుస్తకాలు వేరు. బయోకెమిస్ట్రీ నుంచి వస్తున్నారు కాబట్టి మొదటిదో రెండోదో మీకు దగ్గర.

కొత్తవారికి మేము చెప్పేది, కారణమైన జన్యువు తెలిసిన చోట మొదలుపెట్టమని. హంటింగ్టన్స్ జన్యువు 1993లో దొరికింది. అందులో సీఏజీ అనే మూడక్షరాల ముక్క 40 సార్లు లేదా అంతకు మించి ఉంటే పూర్తి ఆయుర్దాయంలో జబ్బు తప్పదు. 36 నుంచి 39 వరకు ఉంటే రావచ్చు, రాకపోవచ్చు. కారణం ఇంత స్పష్టంగా తెలిసిన జబ్బులో మీ ప్రయోగం తప్పితే ఎక్కడ తప్పిందో వెతుక్కోవడం సులువు. ఏఎల్ఎస్‌లో ఎస్ఓడీ1 (1993), సీ9ఓఆర్ఎఫ్72 (2011), పార్కిన్సన్స్‌లో ఆల్ఫా సిన్యూక్లిన్ జన్యువు (1997), అల్జీమర్స్‌లో ఏపీపీ (అమైలాయిడ్ బీటా తెగి వచ్చేది దీని ప్రొటీన్ నుంచే; 1991), ప్రెసెనిలిన్-1 (1995) ఇలాంటివే. అయితే ఒక్క జన్యు లోపంతో నేరుగా వచ్చే అల్జీమర్స్ మొత్తం రోగుల్లో ఒక శాతం లోపే ఉంటుంది. ఆ ఫలితాన్ని మిగతావారికి అన్వయించాలంటే వేరే ఆధారం చూపాల్సిందే.

అంశం నచ్చాక క్యాలెండర్ ముందు పెట్టుకుని ఒక లెక్క వేయండి. ఈ ప్రయోగం ఒకసారి తప్పితే మళ్లీ చేయడానికి ఎంతకాలం పడుతుంది? గాజుగొట్టంలో ప్రొటీన్‌తో చేసేదైతే వారం. న్యూరాన్ల కల్చర్ అయితే నెల, రెండు నెలలు. ఎలుకలను 18 నెలలు పెంచి చూడాలంటే, పిల్లలను పుట్టించడం, చివర్లో కణజాలం కోసి చూడటం కలిపి రెండేళ్లు దాటుతుంది. ఐదేళ్ల పీహెచ్‌డీలో అది రెండోసారి చేయడానికి వీలుపడదు. ముసలి ఎలుకల ప్రయోగం ఒక్కటే థీసిస్‌కు ఆధారమైతే ఒప్పుకోకండి. దాని పక్కన వారాల్లో తేలే పని ఒకటి ఉండాలి.

మందు సంగతి ఒక మాట. పీహెచ్‌డీలో మందు బయటికి రాదు. మందు తయారుచేసేవాళ్లు నమ్మి ఆధారపడగలిగే ఒక లంకె బయటికి వస్తుంది. ఈ రంగంలో ఇప్పుడు కొరతగా ఉన్నది అదే.

ప్రశ్న: 2006లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక అమైలాయిడ్ వ్యాసాన్ని 2024లో వెనక్కి తీసుకున్నారు కదా. ఇక అమైలాయిడ్ మీద పనిచేయడం దండగేనా?
- పీహెచ్‌డీ మొదటి ఏడాది విద్యార్థి

జవాబు: కాదు. ఆ వ్యాసం చెప్పింది ఏబీటా స్టార్ 56 అనే, అమైలాయిడ్ బీటా అణువుల ఒక ప్రత్యేకమైన గుంపు గురించి. జబ్బుకు మొదలు అమైలాయిడే అనే వాదం నిలబడింది దాని మీద కాదు, జన్యుశాస్త్రం మీద. ఏపీపీలోనూ ప్రెసెనిలిన్లలోనూ వచ్చే మార్పులు చిన్న వయసులోనే అల్జీమర్స్ తెస్తాయి. 21వ క్రోమోజోమ్ మూడు ప్రతులున్న డౌన్ సిండ్రోమ్‌వారిలో ఏపీపీ జన్యువు కూడా మూడు ప్రతులుంటుంది, వాళ్ల మెదడులో అమైలాయిడ్ త్వరగా పేరుకుంటుంది. ఐస్‌లాండ్‌లో దొరికిన ఒక అరుదైన ఏపీపీ మార్పు అమైలాయిడ్ బీటా తయారీని తగ్గించి, జబ్బు నుంచి కాపాడుతుందని 2012లో తేలింది. ఒకే జన్యువులో ఒకవైపు మార్పు జబ్బు తెస్తే, ఇంకోవైపు మార్పు కాపాడుతోంది. ఇంతకంటే గట్టి ఆధారం జీవశాస్త్రంలో అరుదు.

అమైలాయిడ్ తీసేస్తే జబ్బు నయమవుతుందా అన్నది మాత్రం వేరే ప్రశ్న. అమైలాయిడ్‌ను తీసేసే మందు లెకానెమాబ్ 18 నెలల ప్రయోగంలో, జబ్బు తీవ్రతను కొలిచే 18 పాయింట్ల కొలమానం మీద మందు తీసుకున్నవారికీ తీసుకోనివారికీ తేడా 0.45 పాయింట్లు. దిగజారడం 27 శాతం నెమ్మదించింది, ఆగలేదు. మెదడు వాపు, సన్నని రక్తస్రావం అనే దుష్ఫలితాలున్నాయి. ఏపీఓఈ4 అనే జన్యురూపం రెండు ప్రతులున్నవారికి ఆ ముప్పు ఎక్కువ. అమైలాయిడ్ నుంచి టౌకు, టౌ నుంచి న్యూరాన్ చావుకు దారి ఎలా పడుతుందో ఇంకా సరిగ్గా తెలియదు. కొత్తవాళ్లు దృష్టి పెట్టాల్సింది అక్కడే.

ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నది బొమ్మలు మార్చారని తేలడంతో. దాని నుంచి రోజువారీ పనికి పట్టుకెళ్లాల్సింది ఒకటుంది. ప్రతి బ్లాట్‌కూ (ప్రొటీన్ పట్టీల బొమ్మకు) కత్తిరించని, మార్చని అసలు ఫైలును తేదీతో, ఎక్స్‌పోజర్ సమయంతో దాచండి. బొమ్మ అందం కోసం కాంట్రాస్ట్ మార్చితే మొత్తం బొమ్మకు ఒకేలా మార్చండి. ఆరేళ్ల తర్వాత ఎవరైనా అడిగినా నిమిషంలో తీసి చూపించగలగాలి.

ప్రశ్న: అమైలాయిడ్ బీటా 42తో థయోఫ్లావిన్-టీ (ప్రొటీన్ పోగులకు అంటుకుని మెరిసే రంగు) ప్రయోగం చేస్తున్నాను. ఒకే గాఢత, ఒకే బఫర్ అయినా ఒకరోజు అరగంటకే ఫ్లోరెసెన్స్ లేస్తుంది, ఇంకోరోజు ఐదు గంటలకు. నా పిపెటింగ్ తప్పా?
- పరిశోధక విద్యార్థిని

జవాబు: పిపెటింగ్ కాదండి, మొదలుపెట్టిన ప్రొటీన్‌లోనే తేడా ఉంది. పొడిగా వచ్చే పెప్టైడ్‌లో అప్పటికే ముద్ద కట్టిన రేణువులు కొన్ని ఉంటాయి. అమైలాయిడ్ బీటాలో పోగు పక్కనే కొత్త పోగు పుట్టే గుణం ఉంది. అందుకే అలాంటి రేణువులు, అంటే విత్తనాలు, ఒక శాతం కంటే తక్కువ కలిసినా పోగులు లేవకముందుండే నిదాన దశ కుదించుకుపోతుంది. ఏ రోజు ఎన్ని విత్తనాలు వచ్చాయో దాన్నిబట్టి మీ గ్రాఫ్ మారుతోంది.

దారి ఇది. పెప్టైడ్‌ను 6 మోలార్ గ్వానిడీన్ హైడ్రోక్లోరైడ్‌లో కరిగించి, సూపర్‌డెక్స్ 75 లాంటి సైజ్ ఎక్స్‌క్లూజన్ కాలమ్‌లోంచి పంపండి. బఫర్ 20 మిల్లీమోలార్ సోడియం ఫాస్ఫేట్, 0.2 మిల్లీమోలార్ ఈడీటీఏ, పీహెచ్ 8. మోనోమర్ (ముద్ద కట్టని విడి అణువులు) శిఖరం నడుమ భాగం మాత్రమే తీసుకోండి. అంచులు ఆశపడి కలిపితే మళ్లీ కథ మొదటికొస్తుంది. ప్రొటీన్ అంటుకోని ట్యూబులో పట్టి, వెంటనే ఐసులో పెట్టి, ఆరోజే వాడేయండి. మిగిలింది ఫ్రీజర్‌లో దాచి రేపు వాడదామనుకోకండి.

గాఢతను డబ్బా మీది బరువుతో లెక్కకట్టారా? ఆ బరువులో పెప్టైడ్‌తోపాటు లవణం, తేమ కలిసి ఉంటాయి. అసలు పెప్టైడ్ గణనీయంగా తక్కువే ఉంటుంది. 280 నానోమీటర్ల దగ్గర శోషణ కొలిచి లెక్కించండి. అమైలాయిడ్ బీటాలో ఒకే టైరోసిన్ ఉంది కాబట్టి గుణకం సుమారు 1,490. ఆల్ఫా సిన్యూక్లిన్‌లో నాలుగున్నాయి, 5,960.

ప్లేటు నల్లనిది, ప్రొటీన్ అంటుకోకుండా పూత ఉన్నది, సగం వైశాల్యపు 96 గుంటలది అయితే మంచిది. గుంటకు 80 నుంచి 100 మైక్రోలీటర్లు. థయోఫ్లావిన్-టీ 10 నుంచి 20 మైక్రోమోలార్. దాన్ని 0.2 మైక్రోమీటర్ల ఫిల్టర్‌లో వడకట్టి, వెలుతురు తగలకుండా ఉంచండి. 440 నానోమీటర్ల దగ్గర వెలుగు వేసి 480 దగ్గర చదవండి. ప్లేటును ఐసు మీదే నింపి, సీలు వేసి, 37 డిగ్రీల యంత్రంలోకి ఒక్కసారిగా పెట్టండి. మొదటి గుంట నింపినప్పటికీ చివరిది నింపినప్పటికీ మధ్య గడిచే పది నిమిషాలు గది వేడిలో గడిస్తే ఆ తేడా గ్రాఫ్‌లో కనబడుతుంది. బుడగలు రానివ్వకండి. గాలి, నీరు కలిసే అంచు మీద పోగు త్వరగా పుడుతుంది. సీలు వదులైతే అంచు గుంటల్లో నీరు ఆవిరై గాఢత పెరుగుతుంది.

అంతా కుదిరిందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. 1.5, 2, 3, 4, 5 మైక్రోమోలార్‌లతో, ఒక్కోదానికి మూడు నాలుగు గుంటలు పెట్టి ఒకేసారి నడపండి. ఫ్లోరెసెన్స్ సగానికి చేరే సమయాన్ని గాఢతకు ఎదురుగా లాగ్-లాగ్ గ్రాఫ్ గీస్తే ఈ బఫర్‌లో వాలు సుమారు -1.3 దగ్గర సరళరేఖ రావాలి. చుక్కలు చెల్లాచెదురైతే మోనోమర్ శుభ్రంగా లేదని అర్థం. ఇది వచ్చేదాకా మందు పరీక్ష జోలికి వెళ్లకండి. గుంటలు ఎన్ని పెట్టినా ఒక రోజు తయారీ ఒక లెక్కే. కనీసం మూడు వేర్వేరు తయారీలు కావాలి.

ఇంకొకటి, చాలామందిని ముంచేది. కర్క్యుమిన్ లాంటి రంగున్న పదార్థం కలపగానే ఫ్లోరెసెన్స్ పడిపోతే పోగులు ఆగాయని సంబరపడతారు. కర్క్యుమిన్ తానే 425 నానోమీటర్ల చుట్టూ వెలుగును మింగుతుంది. థయోఫ్లావిన్‌కు వెలుగే అందడం లేదు, పోగులు అలాగే ఉన్నాయి. చివర్లో గుంటలోని ద్రవాన్ని లక్ష జీ దగ్గర గంటసేపు సెంట్రిఫ్యూజ్ చేసి పైన ఎంత, అడుగున ఎంత మిగిలిందో జెల్ మీద చూడండి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద కూడా చూడండి. ఈ రెండూ లేని 'నిరోధకం' వ్యాసాన్ని మీరు చదివేటప్పుడు కూడా నమ్మకండి.

ప్రశ్న: వెస్టర్న్ బ్లాట్‌లో ఆల్ఫా సిన్యూక్లిన్ పట్టీ కనిపించడమే లేదు. అదే నమూనాలో మిగతా ప్రొటీన్లు బాగానే వస్తున్నాయి. ఎలుక మెదడులో టౌ చూస్తే 50 కిలోడాల్టన్ల దగ్గర, టౌ లేని ఎలుకలో కూడా పట్టీ వస్తోంది.
- ఇద్దరు పరిశోధక విద్యార్థులు, ఒకే ల్యాబ్ నుంచి

జవాబు: సిన్యూక్లిన్ చిన్న ప్రొటీన్, 14 కిలోడాల్టన్లు. పొరకు చేరుతుంది, కానీ కడుగుతున్నప్పుడు ఊడి పోతుంది. 0.2 మైక్రోమీటర్ల రంధ్రాల పీవీడీఎఫ్ పొర వాడండి. ట్రాన్స్‌ఫర్ అయిన వెంటనే, బ్లాకింగ్‌కు ముందు, 0.4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో అరగంట ఉంచి కడగండి. పట్టీ కళ్లముందుకు వస్తుంది. అమైలాయిడ్ బీటాకైతే పొరను పీబీఎస్‌లో కొన్ని నిమిషాలు మరిగిస్తే సిగ్నల్ పెరుగుతుంది. దానికి 6ఈ10 యాంటీబాడీ వాడేవారు గుర్తుంచుకోవాలి, అది పూర్తి ఏపీపీని కూడా పట్టుకుంటుంది. దానితో కణం లోపల కనిపించిన మెరుపంతా అమైలాయిడ్ అని రాస్తే తప్పు. 40 లేదా 42వ స్థానంలో ముగిసే కొసను మాత్రమే గుర్తించే యాంటీబాడీతో సరిచూసుకోండి.

టౌ విషయంలో మీ ల్యాబ్‌లో టౌ లేని ఎలుకను పక్కన నడపడం ఎంతో మంచి పని. ఆ పట్టీ ఎలుక సొంత ఇమ్యునోగ్లోబ్యులిన్ భారీ గొలుసు. ఎలుకలో తయారైన ప్రైమరీ యాంటీబాడీని ఎలుక మెదడు మీద వాడినప్పుడు సెకండరీ దాన్ని కూడా పట్టుకుంటుంది, బరువు సరిగ్గా టౌ దగ్గరే. తేలిక గొలుసును మాత్రమే పట్టే సెకండరీకి మారండి. ఫాస్ఫో-టౌ కొలిచేవారు మత్తు ఇచ్చినప్పుడు ఎలుక ఒంటి వేడి పడిపోకుండా చూసుకోవాలి. ఒళ్లు చల్లబడితే చాలు, టౌ మీద ఫాస్ఫేట్లు పెరుగుతాయి. ఒక గుంపును మత్తిచ్చి, ఇంకో గుంపును మత్తు లేకుండా కోస్తే కనబడే తేడా జబ్బుది కాదు, చలిది. ఇది తెలియక పోగొట్టుకున్న నెలలు ఈ రంగంలో లెక్కలేనన్ని.

ప్రశ్న: 5ఎక్స్ఎఫ్ఏడీ ఎలుకల (అమైలాయిడ్ పేరుకునేలా జన్యువులు మార్చినవి) మీద నీటి తొట్టి పరీక్ష (నీటిలో దాగిన వేదికను గుర్తుపెట్టుకుని చేరాలి) చేస్తున్నాం. మార్పులేని తోబుట్టువులు కూడా కొన్ని వేదికను కనుక్కోలేకపోతున్నాయి. గుంపుకు 8 ఎలుకలు పెట్టాం, చాలదా?
- పీహెచ్‌డీ మూడో ఏడాది విద్యార్థి

జవాబు: ఆ ఎలుకలకు చూపు ఉందో లేదో ముందు చూడండి. ఈ రకాన్ని మొదట సీ57బ్లాక్6, ఎస్‌జేఎల్ జాతుల సంకరం మీద తయారుచేశారు. ఎస్‌జేఎల్ ఎలుకలు ఆర్‌డీ1 అనే రెటీనా లోపాన్ని మోసుకొస్తాయి. రెండు ప్రతులూ వచ్చిన పిల్ల కొన్ని వారాల్లోనే గుడ్డిదవుతుంది. గోడమీది గుర్తులు చూసి దారి వెతకాల్సిన పరీక్షలో గుడ్డి ఎలుకకు మతిమరుపు ఉన్నట్టే కనిపిస్తుంది. ఏపీపీ, ప్రెసెనిలిన్‌లతోపాటు ఆర్‌డీ1కు కూడా జీనోటైపింగ్ చేయండి. పరీక్ష రోజుల్లో వేదిక పైకి కనబడేలా జెండా పెట్టి ఒక విడత నడపండి. అది కూడా చేరలేని ఎలుక జ్ఞాపకశక్తి లెక్కల్లోకి రాకూడదు. ఈ నియమాన్ని ఫలితాలు చూడకముందే రాసిపెట్టుకోండి.

ఈ ఎలుకల్లో రెండు నెలల వయసు నుంచే అమైలాయిడ్ పేరుకుంటుంది. ఆడవాటిలో ఎక్కువ. ఆడ, మగ నిష్పత్తి గుంపుల మధ్య తేడాగా ఉంటే మీ మందు ప్రభావంగా కనబడేది లింగభేదమే. టౌ చిక్కుముడులు వీటిలో ఏర్పడవు. కాబట్టి ఇది అమైలాయిడ్ నమూనా అనండి, అల్జీమర్స్ నమూనా అని రాయకండి.

8 చాలదు. ఏఎల్ఎస్ నమూనాగా వాడే ఎస్ఓడీ1-జీ93ఏ ఎలుకల్లో పనిచేసిందని ప్రచురించిన మందులను పెద్ద గుంపులతో మళ్లీ పరీక్షించి 2008లో ఒక బృందం ఫలితం ప్రకటించింది. ఆ పాత ఫలితాల్లో చాలావరకు సహజమైన హెచ్చుతగ్గులే. ఆ నమూనాలో ఆయుష్షు కొలవాలంటే గుంపుకు కనీసం 24 ఎలుకలు, ఒకే కాన్పు పిల్లలను రెండు గుంపుల్లోకి పంచడం, ఆడ మగ సమానంగా ఉండటం అవసరమని వాళ్లు చూపారు. ఆ ఎలుకల్లో ఇంకో మోసం కూడా ఉంది. చొప్పించిన జన్యువు ప్రతులు తరం మారేటప్పుడు రాలిపోవచ్చు. ప్రతులు తగ్గిన ఎలుక ఏ మందూ లేకుండానే ఎక్కువకాలం బతుకుతుంది. ప్రతి కాన్పుకూ డీఎన్ఏ ఎంతుందో కొలిచే క్యూపీసీఆర్‌తో ప్రతులు లెక్కపెట్టాలి. హంటింగ్టన్స్‌కు వాడే ఆర్6/2లో సీఏజీల సంఖ్య కూడా ఇలాగే జారుతుంది.

కంట్రోల్ ఎలుకలను వేరే చోటు నుంచి తెప్పించేవారికి ఒక హెచ్చరిక. సీ57బ్లాక్6 అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. 'జేఓలాహెచ్ఎస్‌డీ' అనే ఉపజాతికి ఆల్ఫా సిన్యూక్లిన్ జన్యువే లేదు. పార్కిన్సన్స్ ప్రయోగంలో దాన్ని మామూలు ఎలుక అనుకుని పెడితే మొత్తం తలకిందులవుతుంది.

లెక్కకట్టేటప్పుడు ఒక ఎలుక ఒక సంఖ్య. ఒక ఎలుక మెదడు నుంచి 40 ముక్కలు కోసి లెక్కపెట్టినా అది ఒక్కటే. పరీక్ష నడిపేవారికి ఏ ఎలుక ఏ గుంపుదో తెలియకూడదు. పంజరాలకు సంకేతాలు ఇంకొకరితో వేయించండి.

ప్రశ్న: రోగుల చర్మం నుంచి తయారైన ఐపీఎస్ కణాలతో (ఏ రకం కణంగానైనా మారగల స్థితికి తిప్పినవి) న్యూరాన్లు పెంచుతున్నాం. రోగి న్యూరాన్లకూ ఆరోగ్యవంతుడి న్యూరాన్లకూ తేడా బాగా కనిపించింది. వ్యాసం రాసేయవచ్చా?
- పరిశోధక విద్యార్థిని

జవాబు: ఎంతమంది రోగులు? ఒక్కరైతే రాయకండి. ఇద్దరు మనుషుల మధ్య జన్యు తేడాలు లక్షల్లో ఉంటాయి, అందులో మీ జబ్బు మార్పు ఒక్కటి. ఆ ఒక్క మార్పును జన్యువును కత్తిరించి మార్చే క్రిస్పర్‌తో సరిదిద్దిన అదే రోగి కణం పక్కన పెట్టండి. సరిదిద్దాక తేడా పోతే అప్పుడు నమ్మవచ్చు. కణాలను పదేపదే పెంచుతుంటే 20వ క్రోమోజోమ్ పొడవాటి భుజంలో ఒక ముక్క రెట్టింపయ్యే మార్పు తరచుగా వస్తుంది. అలాంటి కణాలు చావును తట్టుకుంటాయి. న్యూరాన్ చావును కొలిచే ప్రయోగానికి ఇంతకంటే చెడ్డ మార్పు ఉండదు. అది చిన్న ముక్క కాబట్టి మామూలు కారియోటైపింగ్‌లో (క్రోమోజోమ్‌లను మైక్రోస్కోప్ కింద చూసే పరీక్ష) తప్పిపోగలదు, దానికోసం విడిగా క్యూపీసీఆర్ చేయించండి. కల్చర్‌కు సోకే మైకోప్లాస్మా బ్యాక్టీరియా పరీక్ష నెలకోసారి.

ఇంకో హద్దు కూడా తెలుసుకోండి. ఐపీఎస్‌గా మార్చినప్పుడు కణం వయసు చెరిగిపోతుంది. 70 ఏళ్ల రోగి కణమైనా పుట్టని బిడ్డ న్యూరాన్‌లా ప్రవర్తిస్తుంది. అలాంటి న్యూరాన్లలో టౌ ఎక్కువగా మూడు రిపీట్ల (ఒకేలాంటి ముక్క మూడుసార్లు వచ్చే) రూపంలోనే ఉంటుంది. పెద్దవాళ్ల మెదడులో మూడు, నాలుగు రిపీట్ల రూపాలు దాదాపు సమానం. టౌ మీద పని అయితే ఈ తేడా ముందే చూసుకోవాలి. వయసు గుర్తులు నిలవాలంటే చర్మకణాన్ని మధ్యలో ఐపీఎస్ చేయకుండా నేరుగా న్యూరాన్‌గా మార్చే పద్ధతి ఉంది. దిగుబడి తక్కువ, కానీ ఆ ప్రశ్నకు అదే సరైన దారి.

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ వాణ్ని. ల్యాబ్ పని రాదు. ఈ రంగంలో నాకు చోటుందా?
- ఎంటెక్ విద్యార్థి

జవాబు: చాలా ఉంది. 2004లో మొదలైన ఏడీఎన్ఐ అల్జీమర్స్ డేటా, 2010లో మొదలైన పీపీఎంఐ పార్కిన్సన్స్ డేటా దరఖాస్తు చేసుకున్న పరిశోధకులకు ఇస్తారు. ఎంఆర్ఐ, రక్త పరీక్షలు, ఏళ్ల తరబడి జ్ఞాపకశక్తి కొలతలు అందులో ఉన్నాయి. అల్జీమర్స్ ముప్పుతో ముడిపడిన 75 జన్యుస్థానాలను 2022లో ప్రకటించారు. వాటిలో చాలావాటిలో ఏ జన్యువు, ఏ కణంలో పనిచేస్తుందో తేల్చాల్సే ఉంది.

మీలాంటివారు పడే గుంతలు మూడు చెబుతాం. ఎంఆర్ఐని ముక్కలుగా కోసి, ఆ ముక్కలను యాదృచ్ఛికంగా ట్రైనింగ్‌కూ టెస్టింగ్‌కూ పంచితే ఒకే మనిషి రెండువైపులా పడతాడు. మోడల్ జబ్బును కాదు, మనిషిని గుర్తుపడుతుంది. ఖచ్చితత్వం మాత్రం ఘనంగా వస్తుంది. మనిషిని బట్టి విడగొట్టండి, వీలైతే ఆస్పత్రిని బట్టి కూడా. రెండోది, పది మంది దాతల మెదడు నుంచి 50,000 కేంద్రకాల ఆర్ఎన్ఏ చదివినా మీ సంఖ్య పదే. ఒక్కో దాతకు ఒక్కో కణ రకాన్ని కలిపి మొత్తం చేసి అప్పుడు పోల్చండి. మూడోది, మెదడు ముక్క మొత్తం ఆర్ఎన్ఏలో 'న్యూరాన్ జన్యువులు తగ్గాయి' అని వస్తే గాభరా పడకండి. న్యూరాన్లు చచ్చిపోయి గ్లియా (న్యూరాన్లకు తోడుండే కణాలు) వాటా పెరిగితే ఏ జన్యువూ మారకుండానే ఆ ఫలితం వస్తుంది. మరణానికీ మెదడు తీయడానికీ మధ్య గడిచిన గంటలు, వయసు, లింగం, ఏ రోజు ఏ బ్యాచ్‌లో చదివారు అన్నవి ప్రతి మోడల్‌లో ఉండాలి.

చేతిపని రాకపోయినా రెండు వారాలు ల్యాబ్‌లో కూర్చుని ఒక్క నమూనా ఫ్రీజర్ నుంచి ఫైలు దాకా ఎలా వస్తుందో చూడండి. డేటాలో వింతగా కనబడే చుక్కలకు కారణం సగంసార్లు అక్కడే దొరుకుతుంది.

ప్రశ్న: ల్యాబ్‌లో చేరే ముందు ఏమడగాలి?
- ఎమ్మెస్సీ చివరి ఏడాది విద్యార్థి

జవాబు: గైడ్‌ను కాదు, మూడో నాలుగో ఏడాది విద్యార్థులను విడిగా అడగండి. గత ముగ్గురు ఎన్నేళ్లకు బయటపడ్డారు? ఎలుకల జీనోటైపింగ్ ఎవరు చేస్తారు, ఆ రికార్డు ఎక్కడుంటుంది? ల్యాబ్‌లో ఎక్కువగా వాడే యాంటీబాడీని ఆ ప్రొటీన్ లేని కణజాలం మీద ఎప్పుడైనా నడిపారా? ఫలితం రానప్పుడు గ్రూప్ మీటింగ్‌లో ఏమవుతుంది? చివరి ప్రశ్నకు అవతలివాళ్లు తటపటాయిస్తే ఇంకో ల్యాబ్ చూసుకోండి.

ప్రశ్న: సిన్యూక్లిన్ పోగులతో పనిచేయమన్నారు. అంటుకుంటుందని మా అమ్మ భయపడుతోంది. నిజంగా ప్రమాదమా?
- పరిశోధక విద్యార్థిని

జవాబు: ల్యాబ్‌లో తయారుచేసిన సిన్యూక్లిన్ పోగుల వల్ల మనుషులకు పార్కిన్సన్స్ వచ్చిన దాఖలా లేదని అమ్మగారికి చెప్పండి. అయినా ఆ పోగులను ఎలుక మెదడులోకి ఎక్కిస్తే జబ్బు లక్షణాలు పాకుతాయి కాబట్టి జాగ్రత్త పడాల్సిందే. ఎక్కువ ప్రమాదమున్న ఘడియ సోనికేషన్, అంటే శబ్దతరంగాలతో పోగులను విరగ్గొట్టడం. పోగులు 50 నానోమీటర్ల చుట్టూ ముక్కలయ్యేది, గాల్లో తుంపరగా లేచేదీ అప్పుడే. మూత బిగించిన ట్యూబును బయటినుంచి సోనికేట్ చేసే యంత్రం మేలు. ప్రోబ్ వాడాల్సివస్తే హుడ్ లోపల, కళ్లద్దాలు, రెండు జతల గ్లవ్స్‌తో. బల్ల, సెంట్రిఫ్యూజ్ గిన్నె తుడవడానికి 1 శాతం ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ వాడండి. అది పోగులను విడగొట్టి, ఉపరితలం మీద అంటుకున్నదాన్ని వదిలిస్తుంది. ఆల్కహాల్‌తో తుడిస్తే సరిపోదు. ఈ పోగులను ఐసు మీద పెట్టకండి కూడా, చలికి అవి విడిపోతాయి. ఇది భద్రత సంగతి కాదు, ప్రయోగం పాడవకుండా.

ప్రయాన్ (తోటి ప్రొటీన్లను కూడా మడత తప్పించే, సోకే ప్రొటీన్) సోకిన కణజాలం పూర్తిగా వేరే సంగతి. ఫ్రాన్స్‌లో 2010లో అలాంటి ఎలుక మెదడు ముక్కలతో పనిచేస్తుండగా ఒక ల్యాబ్ ఉద్యోగిని బొటనవేలికి పరికరం గుచ్చుకుంది. ఆమె 2019లో వేరియంట్ క్రూట్జ్‌ఫెల్ట్-జాకబ్ వ్యాధితో మరణించారు. ఫార్మలిన్ ప్రయాన్లను చంపదు. ఒక నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్‌లో గంటసేపు, లేదా 134 డిగ్రీల దగ్గర 18 నిమిషాల ఆటోక్లేవ్ వాడతారు. సెక్షన్లకు గాఢ ఫార్మిక్ ఆమ్లంలో గంట. కోసే పనికి కత్తి దిగని గ్లవ్స్ ఉండాలి. మానవ మెదడు నమూనాలు వచ్చే ల్యాబ్ అయితే ఏ దాతకైనా ప్రయాన్ అనుమానం ఉందా అని బ్రెయిన్ బ్యాంక్ కాగితాల్లో చూసి, ఆ సంఖ్యను ఫ్రీజర్ పెట్టె మీదే రాయించండి. ఏదైనా గుచ్చుకుంటే నీళ్ల కింద కడిగి, చిన్నదే కదా అని ఊరుకోకుండా, ఆరోజే భద్రతాధికారికి రాతపూర్వకంగా తెలియజేసి డాక్టర్‌కు చూపించుకోండి.